జమ పుట, ఖర్చు పుట
జాన్ డి. రాక్‌ఫెల్లరు జీవితమునుండి ఒక ధ్యానము

ధ్యాన భాగములు: మత్తయి 5:23, 24, లూకా 19:1-10



పట్టణమునకు పోవు బస్సు దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగుట మనమందరము చూచినదే. బంకు ముందు ఎత్తుగా ఒక బోర్డు నిలిచియుండును. చదువు రానివారు సైతము దాని రంగును, బొమ్మను చూచి అది ఏ కంపెనీదో చెప్పగలరు. డెబ్బది ఏండ్లు దాటిన మన పెద్దలకు ఇప్పటి బోర్డులకు ముందు మన రోడ్లమీద నిలిచిన ఎస్సో, కాల్టెక్సు బోర్డులు జ్ఞాపకముండును. 1974లో ఎస్సోయు, ఆ తరువాత కొద్ది యేండ్లకు కాల్టెక్సును మన ప్రభుత్వము చేతికి వచ్చి, హిందూస్తాన్ పెట్రోలియము అను పేరున ఒకటాయెను. విశాఖపట్టణములోని నూనె శుద్ధి కర్మాగారము 1957లో కాల్టెక్సువారు ప్రారంభించినదే.

అమెరికా దేశములో ఈ పాత పెట్రోలు బోర్డులను వెదకి, వెలయిచ్చి కొని, ఇండ్లలో భద్రపరచుకొనువారు ఉన్నారు. ఇనుప రేకుమీద ఎనామెలు పూతపెట్టి కాల్చినవగుటచేత అవి ఎండకును వానకును చాలకాలము తట్టుకొనును. ఒకదానిమీద ఎఱ్ఱని రెక్కల గుఱ్ఱము, ఒకదానిమీద మండుచున్న దివిటీ, ఒకదానిమీద ఎస్సో అను పేరు. చూచువారికి అవి వేర్వేరు కంపెనీలవలె కనబడును. కాని వాటిలో అనేకము ఒక్క చెట్టు కొమ్మలు. స్టాండర్డ్ ఆయిల్ అను రెండు మాటల మొదటి ఇంగ్లీషు అక్షరములు ఎస్, ఓ అనునవి. ఆ రెంటిని కలిపి పలికినదే ఎస్సో. కాల్టెక్సు 1936లో ఏర్పడినప్పుడు అందులో సగము పాలు కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ కంపెనీది. అదియు ఆ చెట్టు కొమ్మయే.

ఆ చెట్టును నాటినవాని పేరు జాన్ డి. రాక్‌ఫెల్లరు. ఆయన బాప్తిస్టు సంఘ విశ్వాసి, ఆదివారపు బడి పెద్ద, మద్యము ముట్టనివాడు, మొదటి జీతమునుండి కానుక ఇచ్చినవాడు. తన కాలములో లోకమందలి మిక్కిలి ధనవంతులలో ఒకడు. ఆ కాలములోనే ఆయన దేశములో అనేకులు ద్వేషించిన మనుష్యుడు కూడ ఆయనయే. ఇది ఎట్లు సంభవించెను? ఈ నెల ఆ జీవితమును మీ ముందు పెట్టుచున్నాము. ఆయనను పొగడుటకును కాదు, రాళ్లు రువ్వుటకును కాదు. ఆయన ఎదుట నిలిచిన ప్రశ్న మన చిన్న సంఘముల గుమ్మమునందును నిలిచియున్నది గనుక వ్రాయుచున్నాము.

తల్లి నేర్పినది, తండ్రి నేర్పినది

జాన్ 1839 జూలై 8వ తేదీన న్యూయార్కు రాష్ట్రములోని రిచ్‌ఫర్డ్ అను పల్లెటూరిలో పుట్టెను. ఆరుగురు పిల్లలలో రెండవవాడు. తల్లి ఎలైజా భక్తిగల స్త్రీ. పిల్లలను వెంటబెట్టుకొని గుడికి తీసికొనిపోయి, కానుక పళ్లెములో వారి చేతులతోనే నాణెములు వేయించెడిది. తండ్రి విలియము వేరొక విధమైనవాడు. ఊరూర తిరిగి, గుణమివ్వని మందులు అమ్ముకొనుచు, నెలల తరబడి ఇల్లు విడిచియుండెడివాడు. తరువాత వేరొక పేరు పెట్టుకొని వేరొక స్త్రీతో మరియొక కాపురము పెట్టెను. బేరములో కొడుకులను సైతము మోసపుచ్చి, ఇట్లయితే వారు తెలివిగలవారగుదురని చెప్పుకొనెడివాడట. తల్లి ఇచ్చుట నేర్పెను; తండ్రి గెలుచుట నేర్పెను. ఈ రెండు పాఠములును జాను ప్రాణమునందు పక్క పక్కనే పెరిగెను.

1853లో ఆ కుటుంబము ఒహాయో రాష్ట్రమునకు వచ్చెను. మరుసటి సంవత్సరము క్లీవ్‌లాండు పట్టణములోని ఒక చిన్న బాప్తిస్టు సంఘములో జాన్ బాప్తిస్మము పొందెను. 1855 సెప్టెంబరు 26న, పదునారేండ్ల వయసున, ధాన్యము మొదలగు సరకులు అమ్మిపెట్టు ఒక కమీషను కొట్టులో లెక్కలు వ్రాయు గుమాస్తాగా కుదిరెను. ఉద్యోగము దొరికిన ఆ దినమును తన పుట్టినదినముకంటె ఘనముగా జీవితాంతము ఆచరించెను. ఆ యేడు చివరవరకు చేసిన మూడు నెలల పనికి ముట్టిన జీతము 50 డాలర్లు.

అప్పుడే ఆయన ఒక చిన్న లెక్కల పుస్తకము కొని, ప్రతి పైసా రాకడయు పోకడయు అందులో వ్రాయనారంభించెను. ఆ పుస్తకమును ఆయన ముసలితనమువరకు దాచుకొనెను. గుడికి ఇచ్చినది, మిషను పనికి ఇచ్చినది, బీదవారికి ఇచ్చినది అన్నియు అందులో ఉన్నవి. మొదటి సంవత్సరములలోనే సంపాదనలో నూటికి ఆరు వంతుల చొప్పున ఇచ్చి, తరువాత దశమ భాగమును దాటెను. బానిసత్వములో ఉన్న తన భార్యను విడిపించుకొనుటకు డబ్బు కూర్చుకొనుచున్న ఒక నల్లజాతి మనుష్యునికి ఇచ్చిన సొమ్ముకూడ అందులో వ్రాయబడియున్నది.

వారి గుడి 2,000 డాలర్ల అప్పులో పడి, అప్పు ఇచ్చినవాడు గుడినే స్వాధీనము చేసికొందునని బెదిరించెను. కాపరి ఆ సంగతి బలిపీఠమునుండి ప్రకటించగా, జాన్ గుడి తలుపునొద్ద నిలువబడి, బయటికి వచ్చు ప్రతి మనుష్యుని ఆపి, ఎంత ఇత్తురో అడిగి పుస్తకములో వ్రాసికొనెను. తాను కూడ శక్తికొలది ఇచ్చెను. కొన్ని నెలలకు అప్పు తీరెను. అప్పటికి ఆయనకు ఇరువది ఏండ్లు నిండలేదు. ఇట్టి యౌవనుడు మన సంఘములో నుండిన మనమెంత సంతోషింతుమో గదా!

భూమిలోని నూనె

1859 ఆగస్టులో పెన్సిల్వేనియా రాష్ట్రములోని టైటస్‌విల్ అను చోట ఎడ్విన్ డ్రేకు అనునతడు ఇంచుమించు 70 అడుగుల లోతు తవ్వించగా భూమిలోనుండి ముడి నూనె పడెను. దానిని కాచి వడగట్టగా కిరసనాయిలు వచ్చును. అంతవరకు మంచి దీపము కావలెనన్న తిమింగలపు నూనె కొనవలెను. అది ధనవంతులకే సాధ్యము. పేదవాని ఇల్లు ప్రొద్దు గ్రుంకిన చీకటియే. కిరసనాయిలు ఆ చీకటిని తొలగించు వస్తువాయెను.

అప్పటికి జాన్ ఒక జతగానితో కలసి సొంత వ్యాపారము పెట్టియుండెను. దానికి కావలసిన పెట్టుబడిలో 1,000 డాలర్లు తండ్రియే నూటికి పది వడ్డీకి అప్పిచ్చెను. 1863లో నూనె శుద్ధిచేయు పనిలో దిగిరి. 1865లో జతగాండ్రకు అభిప్రాయభేదము వచ్చి, ఆ కర్మాగారమును తమలో తామే వేలము వేసికొనగా, రాక్‌ఫెల్లరు 72,500 డాలర్లకు పాడి దానిని దక్కించుకొనెను. 1870 జనవరి 10న పది లక్షల డాలర్ల మూలధనముతో స్టాండర్డ్ ఆయిల్ కంపెనీ స్థాపితమాయెను.

ఆ పేరునుగూర్చి ఒక మాట చెప్పవలెను. ఆ దినములలో కల్తీ కిరసనాయిలు విస్తారముగా అమ్ముడుపోవుచుండెను. త్వరగా అంటుకొను తేలిక నూనె అందులో కలిసినయెడల దీపము పగిలి, ఇల్లు తగులబడి, ప్రాణములు పోయెడివి. స్టాండర్డ్ అనగా నియమించిన ప్రమాణము. ఏ పీపా విప్పినను, ఏ డబ్బా తెరచినను నూనె ఒకే మాదిరిగా ఉండునని ఆ పేరు వాగ్దానము చేసెను. ఆ వాగ్దానమును కంపెనీ చాలమట్టుకు నిలుపుకొనెను. ధరయు తగ్గెను. 1870లో గ్యాలను సుమారు 26 సెంట్లున్న కిరసనాయిలు, పదునైదేండ్లలో సుమారు 8 సెంట్లకు దిగెను.

వ్యర్థమును ఆయన సహించలేదు. ఒకసారి ఇతర దేశములకు పంపు కిరసనాయిలు డబ్బాలకు మూత అతికించుట చూచి, ఒక్కొక్క దానికి ఎన్ని చుక్కల టంకము పట్టుచున్నదని అడిగెను. నలుబది అని చెప్పిరి. ముప్పదియెనిమిదితో చేసి చూడమనగా కొన్ని డబ్బాలు కారెను. ముప్పదితొమ్మిదితో ఒక్కటియు కారలేదు. నాటినుండి ముప్పదితొమ్మిదియే నియమమాయెను. అయిదు గ్యాలనుల డబ్బాలు రెండేసి కొయ్యపెట్టెలో పెట్టి ఆసియా దేశములకు ఓడలలో పంపెడివారు. మన పల్లెలలో నూనె అయిపోయిన తరువాత నీళ్లు మోయుటకును, ధాన్యము కొలుచుటకును, ఇంటి కప్పు అతుకులకును వాడిన కిరసనాయిలు డబ్బాలు మన తాతలకు తెలిసినవే. అట్టి డబ్బాలలో వచ్చిన నూనెతో మండిన బుడ్డి దీపముల వెలుగున మన పెద్దలు అక్షరములు దిద్దిరి, బైబిలు చదివిరి. ఆ మేలు నిజమైనదే.

కిరాయి సంగతి

ఇప్పుడు మరియొక పుట తిరుగవేయవలెను.

మన ఊరిలో ఇద్దరు రైతులు ఒకే లారీలో ధాన్యము మార్కెటుకు తోలుచున్నారనుకొందము. అందరు చూచునట్లు కిరాయి బస్తాకు ఇంత అని చెప్పుదురు. అయితే లారీవాడు పెద్ద రైతుకు అందులో కొంత రహస్యముగా తిరిగి ఇచ్చును. చిన్న రైతు పూర్తి కిరాయి చెల్లించును. అంతియే కాదు, ఆ చిన్న రైతు చెల్లించిన కిరాయిలోనుండియు కొంత తీసి పెద్ద రైతు చేతిలో పెట్టును. చిన్నవాడు ఎన్నాళ్లు నిలువగలడు? తాను ఎందుకు చెడుచున్నాడో కూడ వానికి తెలియదు.

1872లో రాక్‌ఫెల్లరును, ఆయన సహచరులును, రైలు కంపెనీలవారును కలసి సౌత్ ఇంప్రూవ్‌మెంట్ కంపెనీ అను పేరున ఏర్పరచుకొన్న ఒప్పందము ఇట్టిదే. సంగతి బయటపడగా నూనె బావుల ప్రాంతమంతయు మండిపడెను. ఒప్పందము అమలులోనికి రాకముందే ప్రభుత్వము దానిని రద్దుచేసెను. అయినను ఆ కొద్ది వారములలోనే క్లీవ్‌లాండులోని 26 శుద్ధి కర్మాగారములలో 22 స్టాండర్డ్ ఆయిల్‌కు అమ్ముడుపోయెను. రానున్న దానికి భయపడి అమ్మినవారు అనేకులు. వెలకు బదులు కంపెనీలో వాటాలు తీసికొన్నవారు తరువాత ధనవంతులైరి. వాటాలను నమ్మక, చేతికి వచ్చిన నగదు పుచ్చుకొని పోయినవారు జీవితాంతము దుఃఖపడిరి. ఆ ఒప్పందము పోయినను, రహస్యపు కిరాయి తగ్గింపులు పోలేదు. 1880 నాటికి దేశములో శుద్ధియైన నూనెలో నూటికి తొంబది వంతులు స్టాండర్డ్ చేతిలో ఉండెను.

ఈ సంవత్సరములన్నిటిలోను ఆదివారమున రాక్‌ఫెల్లరు గుడిలోనే ఉండెను. 1864లో లారా స్పెల్మన్ అను భక్తురాలిని పెండ్లాడెను. నాటకములు, నాట్యములు, పేకాట వారి ఇంట అడుగు పెట్టలేదు. క్లీవ్‌లాండులోని తన సంఘమునందు అనేక సంవత్సరములు ఆదివారపు బడి పెద్దగా పిల్లలకు వాక్యము నేర్పెను. సామెతల గ్రంథము 11వ అధ్యాయము మొదటి వచనములో దొంగత్రాసునుగూర్చి వ్రాయబడినది ఆయన తప్పక చదివియుండును. కాని తాను చేసినది దొంగత్రాసు అని ఆయనకు తోచలేదు. చిందరవందరగానున్న వ్యాపారమును ఒక క్రమములో పెట్టితినని, తన ధనము దేవుడే ఇచ్చెనని ఆయన హృదయపూర్వకముగా నమ్మెను. ఇదియే మనలను వణకింపవలసిన సంగతి. ఆయన వేషధారి అయినయెడల మనము సుళువుగా తప్పించుకొనియుందుము. నేను అట్టివాడను కానని చెప్పుకొనియుందుము. ఆయన వేషధారి కాడు. నిజముగా ప్రార్థించువాడు. నిజముగా ప్రార్థించువాడే తన త్రాసును చూడకపోయెను.

ధారపోసిన ధనము

ఆయన ఇచ్చిన దానములను వ్రాయబోయిన చోటు చాలదు. నల్లజాతి ఆడపిల్లలకొరకు అట్లాంటా నగరములో ఏర్పడిన పాఠశాలకు ఆయన ఉదారముగా సహాయము చేయగా, 1884లో దానికి ఆయన భార్య పుట్టింటి పేరు పెట్టిరి. అదియే నేటి స్పెల్మన్ కళాశాల. షికాగో విశ్వవిద్యాలయమునకు మొదట 6 లక్షల డాలర్లిచ్చెను. అంతయు కూడినప్పుడు అది మూడు కోట్లను దాటెను. సహాయము కోరు ఉత్తరములు గుట్టలుగా వచ్చుచుండగా, వాటిని విచారించుటకు 1891లో ఫ్రెడరిక్ గేట్సు అను బాప్తిస్టు బోధకుని కుదుర్చుకొనెను. 1901లో వైద్య పరిశోధన సంస్థ, 1909లో కొంకి పురుగు రోగమును తొలగించుటకు పది లక్షల డాలర్ల పని, 1913లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషను ఏర్పడెను. కలకత్తాలో 1932లో ప్రారంభమైన ప్రజారోగ్య విద్యాలయమునకు ఆ ఫౌండేషను సహాయము చేసెను. ఆయన మరణించిన చాలకాలమునకు, 1960లో ఫిలిప్పైన్సు దేశములో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థను స్థాపించినవారిలోను అది ఒకటి. ఆ సంస్థనుండి 1966లో వెలువడిన ఐ.ఆర్. 8 వరి వంగడము గోదావరి మండలములలో పండినది. పెద్ద రైతులు ఇప్పటికిని ఆ పేరు మరువలేదు. మన కంచములోని అన్నమునకు సైతము ఆ దానము కొంత చేరినది.

ఇంతయు ఖర్చు పుట. దానిని మేము తగ్గించి చెప్పము.

సంఘము ఎదుట నిలిచిన ప్రశ్న

1902 నుండి 1904 వరకు ఐడా టార్బెల్ అను స్త్రీ ఒక మాసపత్రికలో స్టాండర్డ్ ఆయిల్ చరిత్ర వ్రాసెను. ఆమె నూనె బావుల ప్రాంతములో పెరిగిన బిడ్డ. తండ్రి నూనె పోయు కొయ్య తొట్లు చేసినవాడు, నూనె వ్యాపారములో దెబ్బ తిన్నవాడు. ఆమె కోర్టు కాగితములు, సాక్ష్యములు వెదకి, కంపెనీ సామర్థ్యమును ఒప్పుకొనుచునే, అది నడచిన అన్యాయపు మార్గములను ఒక్కొక్కటిగా బయటపెట్టెను. రాక్‌ఫెల్లరు బహిరంగముగా జవాబు చెప్పలేదు.

1905లో బోస్టనులోని ఒక ప్రఖ్యాత మిషను సంఘమునకు ఆయన లక్ష డాలర్లు ఇచ్చెను. అది కాంగ్రిగేషనలు సంఘములవారి అమెరికను బోర్డు. అప్పుడు వాషింగ్టన్ గ్లాడెన్ అను వృద్ధ సంఘకాపరి లేచి, ఈ ధనము పుచ్చుకొనరాదని ఎదిరించెను. అన్యాయమువలన కూడిన ధనమును పుచ్చుకొన్నయెడల ఆ అన్యాయములో పాలివారమగుదుమనియు, అట్టివానిని ఘనపరచినవారమగుదుమనియు ఆయన వాదము. ఎదుటివారు, ధనమునకు మైల లేదనియు, చెడ్డ చేతినుండి వచ్చినదైనను మంచి పనికి వాడవచ్చుననియు చెప్పిరి. వాదము దేశమంతట వ్యాపించెను. ఇంతలో ఒక సంగతి బయటపడెను. ఆ ధనము దానంతట అది రాలేదు. బోర్డు పెద్దలే రాక్‌ఫెల్లరు నొద్దకు పోయి అడిగియుండిరి! బోర్డు ధనమును తిరిగి ఇయ్యలేదు.

ఈ కథలో మాకు యూదా ఇస్కరియోతు పారవేసిన వెండి నాణెములు జ్ఞాపకము వచ్చుచున్నవి. మత్తయి 27వ అధ్యాయములో ప్రధానయాజకులు అది రక్తపు వెలయని, కానుక పెట్టెలో వేయరాదని చెప్పిరి. ధర్మశాస్త్రము తెలిసినవారే. కాని ఆ నాణెములు వాని చేతిలో పెట్టినవారు ఎవరు? వారే. కానుక పెట్టె శుభ్రముగా నుండెను; చేతులు శుభ్రముగా లేవు. ధనమును కాదనుటవలన మాత్రమే సంఘము పరిశుద్ధము కాదు. పుచ్చుకొని నోరు మూసికొనుటవలన అంతకంటె కాదు.

మేము ఒప్పుకొనవలసినది ఒకటి కలదు. మేమెరిగిన ఒక పల్లె సంఘములో గుడి కప్పుకొరకు ఒక పెద్దమనుష్యుడు అందరికంటె ఎక్కువ ఇచ్చెను. ప్రతిష్ఠ దినమున ఆయన పేరు రాతిఫలకముమీద మొదటి వరుసలో చెక్కిరి. ఆయన పొలములో పనిచేసి, రెండు కోతల కూలి రానివారు అదే గుడిలో వెనుక చాపమీద కూర్చుండిరి. ఆ సంగతి మాకు తెలియును. మేము ఆ దినమున ప్రార్థనచేసి, విందు భుజించి, ఊరకుంటిమి. యాకోబు పత్రిక 5వ అధ్యాయము 4వ వచనమును ఆ దినమున ఎవరును చదువలేదు. గ్లాడెన్‌గారిని మెచ్చుకొనుట మాకు సుళువు. ఆ దినమున మా సంఘములో గ్లాడెన్ లేడు.

అంత్య సంవత్సరములు

1911 మే 15న అమెరికా సుప్రీం కోర్టు స్టాండర్డ్ ఆయిల్‌ను విడగొట్టుమని తీర్పు చెప్పెను. అది 34 కంపెనీలాయెను. మొదట మనము చెప్పుకొన్న బోర్డులలో అనేకము అప్పుడు చీలిన కొమ్మలే. వాటిలో రెండు పెద్దవి, తరువాత ఎక్సాన్, మొబిలు అను పేర్లు ధరించి, 1999లో తిరిగి ఏకమైనవి. ఆ తీర్పువలన రాక్‌ఫెల్లరు బీదవాడు కాలేదు. మొదటి దినములలో పనికిరాదని శుద్ధిచేయువారు ఏటిలో పారబోసిన పెట్రోలు, మోటారు బండ్లు వచ్చిన తరువాత బంగారమాయెను. 1913 నాటికి ఆయన ఆస్తి సుమారు 90 కోట్ల డాలర్లని అంచనా.

ఆ మరుసటి సంవత్సరము ఘోరమైన సంగతి జరిగెను. కొలరాడో రాష్ట్రములోని ఒక బొగ్గు, ఇనుము కంపెనీలో రాక్‌ఫెల్లరు కుటుంబమునకు ముఖ్యమైన వాటా ఉండెను. అక్కడ గనిపనివారు సమ్మె చేయగా కంపెనీ ఇండ్లనుండి వెళ్లగొట్టబడి, లడ్లో అను చోట గుడారములలో కాపురముండిరి. 1914 ఏప్రిల్ 20న సైనికులు వారిమీద కాల్పులు జరిపిరి, గుడారములు తగులబడెను. ఒక గుడారము క్రింది గోతిలో దాగిన ఇద్దరు స్త్రీలును, పదునొకండుగురు పిల్లలును ఊపిరాడక చనిపోయిరి. తండ్రియు కుమారుడును మొదట కంపెనీ అధికారులనే సమర్థించిరి. మరుసటి యేడు కుమారుడు స్వయముగా అక్కడికి పోయి, గనులలో దిగి, పనివారి ఇండ్లలో కూర్చుండి వారి మాట వినెను. కొన్ని మార్పులు చేయించెను. అది చనిపోయిన పిల్లలను లేపలేదు. అయినను, నష్టపడినవారి గుమ్మము తొక్కుట ఆ ఇంటిలో అప్పుడు మొదలాయెను.

ముసలితనములో రాక్‌ఫెల్లరు చిన్న పిల్లల చేతిలో నాణెములు పెట్టుచు, తోటలో తిరుగుచు, ఆదివారమున గుడికి పోవుచు నెమ్మదిగా బ్రదికెను. తాను తప్పుచేసితినని ఒప్పుకొనలేదు. 1937 మే 23న ఫ్లోరిడాలో 97 ఏండ్ల వయసున మరణించెను. జీవితకాలములో ఇచ్చినది సుమారు 54 కోట్ల డాలర్లు. క్లీవ్‌లాండులో తల్లి సమాధి పక్కను ఆయనను పాతిపెట్టిరి.

జక్కయ్య ఇంటి లెక్క

జక్కయ్యయు ధనవంతుడే, ఊరివారు ద్వేషించినవాడే. ప్రభువు ఇంటికి వచ్చిన దినమున అతడు రెండు మాటలు చెప్పెను. ఆస్తిలో సగము బీదలకిచ్చుట మొదటిది. ఎవనియొద్దనైనను అన్యాయముగా తీసికొన్నయెడల నాలుగంతలు మరల చెల్లించుట రెండవది. మనము మొదటి మాటనే పండుగ దినములలో చెప్పుచుందుము. రెండవ మాట లేకపోయిన ఊరివారి కన్నీరు ఎవరు తుడుతురు? బీదలకిచ్చునప్పుడు ఇచ్చినవాడు పెద్దవాడగును. మరల చెల్లించునప్పుడు వాడు అప్పుపడినవానిగా తలవంచి నిలువవలెను. మొదటిది చేయగల చేతులు అనేకము. రెండవది చేయగల మోకాళ్లు కొన్నియే.

రాక్‌ఫెల్లరు మొదటి మాటను జక్కయ్యకంటె ఎక్కువగా నెరవేర్చెను. రెండవ మాట ఆయన పెదవులపైకి రాలేదు. ఆయన రక్షణను తీర్పు తీర్చుట మన పని కాదు; అది ప్రభువు ఎరుగును. మనకు తెలిసినది ఇంతే: ఖర్చు పుట ఎంత గొప్పదైనను, జమ పుటను అది కొట్టివేయదు. దేవుడు రెండు పుటలును చదువును.

అందుకే ప్రభువు మత్తయి 5వ అధ్యాయములో, కానుక తెచ్చినవానిని బలిపీఠమునొద్దనే ఆపెను. నీ సహోదరునికి నీమీద ఏమైన యున్నదా అని జ్ఞాపకము చేసెను. కానుకను అక్కడ విడిచి, ముందు అతనియొద్దకు పొమ్మనెను. కానుకను త్రోసివేయలేదు, గమనించుడి. అది అక్కడనే ఉండును. మనము తిరిగి వచ్చి అర్పింపవలెను. కాని దారి మొదట సహోదరుని ఇంటిమీదుగా పోవును.

ప్రియులారా, మనకు నూనె బావులు లేవు. అయితే మనలో వడ్డీకి ఇచ్చువారు ఉన్నారు. కొలత కొలుచువారు, కూలి ఇయ్యవలసినవారు, గట్టు జరిపినవారు, అన్నదమ్ముని పాలు కలుపుకొన్నవారు ఉన్నారు. ఈ కోతకాలపు కానుక కవరులో పెట్టకముందు ఒక రాత్రి దీపమునొద్ద కూర్చుండి జమ పుట తిరుగవేయుదము. ఎవని పేరైనను అందులో కనబడినయెడల, తెల్లవారగానే వాని ఇంటికి పోవుదము. సంఘ పెద్దలమైన మేమును, ఎక్కువ ఇచ్చువాని ముఖము చూచి ఊరకుండక, తక్కువ ఇచ్చువాని కూలినిగూర్చి అడుగుదుము. అడుగుటకు భయమైన, ఆ భయముకొరకే ప్రార్థింతుము.

ప్రార్థన: ప్రభువా, మా చేతులు ఇచ్చుచున్నవని మేము సంతోషించుచుండగా, అవి ఏమి తీసికొన్నవో మాకు చూపుము. మరల చెల్లించుటకు మాకు మోకాళ్లనిమ్ము. నష్టపడినవారికి మా సంఘములో నోరునిమ్ము. మా కానుకలు నీ సన్నిధిని అంగీకారమగునట్లు చేయుము. ఆమేన్.